చందా లడుగుట, ఇచ్చుట
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



విద్యానిధికి చందాలు వసూలగు దినముననే చందాలను గూర్చి మాటలాడుమని నన్ను కోరిన కార్యవర్గమువారి సాహసమును మెచ్చుకొనుచున్నాను. ముప్పదియైదేండ్లు బడిపంతులనై, ఇచ్చినవారి కథలు చెప్పుటయే వృత్తిగా జీవించినవాడను. దాతనని చెప్పుకొను నధికారము నాకు లేదు. గడచిన యేటి యనుభవము మాత్రము కలదు.

ఒక సాయంకాలము టెలిఫోనులో నొక యువతి, గుండెజబ్బుతో నున్న పసివానిని గూర్చి మిగుల మృదువుగా చెప్పెను. వేయి రూపాయలు పంపితిని. మరుసటి వారము మరల ఆ సంస్థవారే పిలిచిరి. పిమ్మట నేనెరుగని వృద్ధాశ్రమమువారు, అనాథశరణాలయమువారు, గోశాలవారు. భోజనవేళ నొకరు, సంధ్యవేళ నొకరు. “పోయినసారి యిచ్చితిరి గదా, ఇప్పుడేల యీయరు?” అని యొకామె బాకీదారుని నిలదీసినట్లు నిలదీసెను. తుదకొకనాడు ఫోను మ్రోగగా మనుమని పిలిచి, “తాతగారు ఊరిలో లేరని చెప్పుము” అంటిని. వాడు చెప్పెను. చెప్పి, ఫోను నా చేతికిచ్చి, నా మొగము చూడక ఆటకు పోయెను. హరిశ్చంద్రోపాఖ్యానము బోధించిన నోటితోనే పసివానికి అబద్ధము నేర్పితినిగదా యని ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

ఇచ్చుటకు ధర్మమున్నట్లే యడుగుటకును ధర్మమున్నది. రఘువంశము పంచమసర్గలోని కౌత్సుని కథ మీరెరుగుదురు. గురుదక్షిణ యేమి కావలయునని పదేపదే యడుగగా వరతంతు మహర్షి కోపించి పదునాలుగు కోట్లు తెమ్మనెను. ఒత్తిడి చేసిన ఫలమట్టిది! ఆ శిష్యుడే రఘుమహారాజు నొద్దకు వచ్చి, విశ్వజిద్యాగమున సర్వస్వము నిచ్చి మట్టిపాత్రతో నర్ఘ్యము తెచ్చిన రాజును చూచి, ఏమియు నడుగక మరలిపోబోయెను. రాజే యాపెను. కుబేరుడు కురిపించిన బంగారమంతయు రాజిచ్చుచుండ, గురుదక్షిణకు మించి తనకు వలదనెను. సాకేతపురవాసులు దాతను మాత్రమేకాక యాచకునిగూడ కొనియాడిరని కాళిదాసు చెప్పుచున్నాడు. ఎదుటివాని చేతిలోని పాత్రను చూచి యడుగు యాచకుడు నేడు టెలిఫోనులో నెట్లు దొరకును? పాత్ర కనబడదు గదా!

అవసరమును కనబడదు. లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారు (1841–1909) అన్నము పెట్టిన కాలమున ఆకలి గుమ్మమునకు వచ్చి నిలిచెడిది, విచారణతో పనిలేదు. నేడు వచ్చునది కంఠస్వరము, ఒక ఛాయాచిత్రము, డబ్బు పంపుటకొక గీతల చతురము. అందు కొన్ని నిజములు, కొన్ని మోసములు. కావున విచారింపక తప్పదు.

నేనవలంబించిన పద్ధతి చెప్పెదను. యాజ్ఞవల్క్యుడు కుటుంబమునకు బాధ కలుగనంతవరకే యీవలెననెను. తనవారు కష్టపడుచుండ పరులకిచ్చువాని దానము మొదట తేనెవలె నుండి పిదప విషమగునని మనువు. అందుచేత ఉగాదినాడే సంవత్సరమునకింతయని నిర్ణయించి, ఎవరికో వ్రాసియుంచితిని. ఫోనులో నెవరికిని మాట యీయను. “సంస్థ పేరు, రిజిస్ట్రేషను వివరములు, నిరుటి లెక్కలు పంపుడు; చూచి నేనే తెలిపెదను” అందును. పంపువారు మిక్కిలి తక్కువ. సొమ్ము సంస్థ పేరిటి ఖాతాకే గాని వ్యక్తి ఖాతాకు పంపను. 80జి యను పేర ప్రసిద్ధమైన పన్ను మినహాయింపును చూపి తొందరపెట్టువారున్నారు. 2000 రూపాయలకు మించిన నగదు విరాళమునకు అది లేకుండ 2017లోనే చట్టము చేసిరి. కొత్త పద్ధతిని పన్ను కట్టువారికిని అది వర్తింపదు. (నావంటి చిన్న పింఛనుదారునకు దానితో పనియే లేదు.) 1909 సంఖ్యకు తెలిపి వ్యాపారపు పిలుపులు వలదనవచ్చును, ఆగనివానిపై ఫిర్యాదును చేయవచ్చును. మోసపోయినచో ఆలసింపక 1930కి చెప్పవలయును.

అయినను పిలిచిన బాలికను కసరవలదని నా మనవి. ఆమెయు జీతమునకై ఆ కుర్చీలో కూర్చున్నది. “ఈయజాలను తల్లీ, మరల పిలువవలదు” అను మాట సత్యము, క్లుప్తము. దానికి కారణము చెప్పబోయితిమా, సంభాషణ మొదలగును.

ఇక మన యింటి సంగతి. మనమెట్లు అడుగుచున్నాము? నిరుడు చిన్న గుమాస్తాపనిలోనున్న మన సోదరుడొకని యింటికి మూడుమార్లు పోయితిమి. మూడవసారి, ఆయన బంధువు లిచ్చిన మొత్తములు చదివి వినిపించితిమి. ఆయన రసీదుపుస్తకము తీసికొని అయిదువేలు వ్రాసెను. మహాసభలో పేరు చదువగా చప్పట్లు కొట్టితిరి. కుమార్తె పరీక్షరుసుమునకై దాచిన సొమ్ము అందులో పోయెనని, అప్పు చేసి ఆ రుసుము కట్టెనని తరువాత తెలిసినది. విద్యానిధికై ఒక బాలిక చదువు సొమ్ము తెచ్చితిమి! ఆ యింటికి పోయిన మువ్వురిలో నేనొకడను. టెలిఫోనులోని యామెను నేనేమని నిందింతును? ఆమె నన్ను చూడలేదు. నేను ఆయన యింట నిలిచి, గోడలు చూచి, పెచ్చులూడిన పైకప్పు చూచి, మరల నడిగితిని. ఆయన ఈ సభకు రాలేదు. వచ్చు నాదివారము రసీదుపుస్తకము లేకుండ ఆయన యింటికి పోవలెనని యున్నది.

కార్యవర్గమువారికి నా ప్రార్థన యిది. విద్యానిధికై ప్రతి యింటికిని ఏటికొక్క జాబు వ్రాయుడు. దానితోపాటు ఎవరి చదువునకెంత వ్యయమైనదో నిరుటి లెక్క పంపుడు. ప్రత్యుత్తరము రానిచో ఆ యేటికి మరల నడుగవలదు. వేదికపై దాతల పేర్లు చదువవచ్చును, మొత్తములు మాత్రము వలదు. వసూలు తగ్గునని కోశాధికారిగారు భయపడుచున్నారు. తగ్గవచ్చును. తగ్గిన యేడు ఇద్దరు విద్యార్థులకు తక్కువ సాయము చేయుదుము గాక. ఈ తీర్మానమును మధ్యాహ్నసభలో ప్రవేశపెట్టుటకు అనుజ్ఞ వేడుచు సెలవు తీసికొనుచున్నాను.