పిండరక్షణ: విద్యార్థుల ప్రయోగం

తల్లి గర్భం కంటె సురక్షితమైన చోటు శిశువుకు మరొకటి లేదని లోకం చిరకాలం విశ్వసించింది. ఆ విశ్వాసాన్ని వమ్ము చేసింది థాలిడోమైడ్ అనే నిద్రమందు. 1957లో పశ్చిమ జర్మనీలో అమ్మకానికి వచ్చిన ఈ మందును అనేక దేశాలలో గర్భవతులు వేవిళ్ళ బాధకు కూడ వాడారు. 1961 నవంబరులో జర్మనీలో దానిని ఉపసంహరించారు. అప్పటికే వేలకొలది శిశువులు చేతులు, కాళ్ళు సక్రమంగా ఏర్పడక జన్మించారు. తల్లికి నిద్రనిచ్చిన మందే బిడ్డ అవయవాలను హరించింది.

ఏ పదార్థం పిండానికి చేటు, ఏది రక్ష అనే ప్రశ్నను నేడు విద్యార్థులు సైతం ప్రయోగశాలలో పరీక్షిస్తున్నారు. ఇందుకు వారికి తోడ్పడుతున్నది మన దేశపు ఏరులలో తిరుగాడే ఒక చిరుచేప. నీలిచారలు గల ఈ జీబ్రాచేపను ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో గంగానది మత్స్యాలను గురించిన గ్రంథంలో వర్ణించాడు. దీని గ్రుడ్లు తల్లి దేహానికి వెలుపలనే ఫలదీకరణం చెందుతాయి. పిండం గాజువలె పారదర్శకంగా ఉంటుంది. ఒక దినం గడిచేసరికి సూక్ష్మదర్శినిలో దాని గుండె కొట్టుకోవడం కనిపిస్తుంది. రెండు మూడు దినాలలో పిల్ల గ్రుడ్డు నుండి వెలువడుతుంది.

ప్రయోగవిధానం సులభమైనది. నాలుగు గాజుపళ్ళెరాలలో సమానసంఖ్యలో గ్రుడ్లను ఉంచుతారు. మొదటిదానిలో శుద్ధజలం మాత్రమే ఉంటుంది. రెండవదానిలో కొద్దిపాటి మద్యసారం, మూడవదానిలో ఫోలిక్ ఆమ్లమనే విటమిను, నాల్గవదానిలో ఆ రెండూ కలుపుతారు. మద్యసారం తగిలిన పిండాలలో కన్నులు చిన్నవి కావడం, గుండె చుట్టు నీరు చేరడం, వెన్ను వంకర తిరగడం చూడవచ్చును. ఫోలిక్ ఆమ్లం తోడైనప్పుడు గుండెకు కలిగే హాని తగ్గినట్లు 2013లో పరిశోధకులు ప్రకటించారు. అన్నిటికంటె ముఖ్యమైనది మొదటి పళ్ళెరం. శుద్ధజలంలోనూ కొన్ని గ్రుడ్లు చెడిపోతాయి. ఆ లెక్క తెలియనిదే ఏ పదార్థం మీదను నేరం మోపడానికి వీలులేదు.

అయితే చేపగ్రుడ్డుకు, మానవగర్భానికి మధ్య దూరం చాల ఉన్నది. కుందేటి పిండాన్ని చెరిచే థాలిడోమైడ్ ఎలుక పిండాన్ని సాధారణంగా చెరచదు. కనుక చేపలలో కనబడిన ఫలితాన్ని పట్టుకొని, విటమిను మింగి మద్యం సేవించవచ్చునని ఎవరును భ్రమపడరాదు. గర్భవతికి ఇంత మద్యం క్షేమమని చెప్పగల పరిమాణమేదీ లేదు.

ఫోలిక్ ఆమ్లం ఇచ్చే మరొక రక్షణకు మాత్రం మానవులలోనే నిదర్శనం లభించింది. పిండంలో మెదడుగాను, వెన్నుపాముగాను రూపొందే నాళం ఒకటి ఉన్నది. అది సరిగా మూసుకొనకపోతే శిశువుకు తీరని లోపం కలుగుతుంది. ఇట్టి బిడ్డను లోగడ కన్న స్త్రీలు మరల గర్భం దాల్చక పూర్వమే ఈ విటమినును ఆరంభించినప్పుడు, ఆ లోపం తిరిగి కలగడం నూటికి 72 పాళ్ళు తగ్గినట్లు బ్రిటిష్ వైద్యపరిశోధన మండలి 1991లో వెల్లడించింది.

ఆ నాళం పిండోత్పత్తి జరిగిన 28 దినాల లోపలనే మూసుకొంటుంది. అప్పటికి తాము గర్భవతులమని పెక్కుమంది స్త్రీలకు తెలియనే తెలియదు. మన ఇళ్ళలో సీమంతం జరిపేనాటికి శిశువు అవయవాలన్నీ రూపొంది ఉంటాయి. కనుక రక్షణ ముందుగానే ఆరంభం కావాలి. బిడ్డ కావాలనుకొన్న స్త్రీ కనీసం ఒక నెల ముందునుండి దినానికి 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం తీసుకోవాలని వైద్యుల సలహా. లోగడ ఇట్టి లోపంగల బిడ్డను కన్నవారికి ఎక్కువ మోతాదు అవసరం. దానిని వైద్యుడే నిర్ణయించాలి. ఎప్పుడో కొని అలమరలో దాచిన మాత్రలను ఆమెకు ఇవ్వరాదు. నిత్యం వాడే మందులను వైద్యుని అడగక మానరాదు. చుట్ట, సిగరెట్టు పొగ ఆమె దరికి రాకుండ చూడడం ఇంటి మగవారి విధి.

గాజుపళ్ళెరంలోని పిండం కంటికి కనబడుతుంది గనుక విద్యార్థి దానిని గంటగంటకు కనిపెట్టి చూస్తాడు. తల్లి కడుపులోని పిండం ఉన్నదన్న సంగతే తొలిదినాలలో ఎవరికీ తెలియదు. ఆ దినాలలోనే దానికి మన రక్షణ మిక్కిలి అవసరం.