టేపు కొలత

నా మొదటి కాన్పప్పుడు చెనిక్కాయ పీకే కాలం. కూలి పోతాదని చెకప్పుకు పోలేదు. "కడుపు చిన్నగుంది, కాన్పు సుళువు" అని మా అత్త సంబరపడింది. బిడ్డ లావైతాదని సంగటి కూడా సగమే పెట్టేది, పాపం ప్రేమతోనే. బిడ్డ 1 కిలో 800 గ్రాములు పుట్టింది. రెండున్నర కిలోలన్నా ఉండాల.

రెండోసారి ఏఎన్ఎం అక్క టేపుతో పొట్ట కొలిచింది. ఆరు నెలలు దాటినాక ఎన్ని వారాలో ఇంచుమించు అన్ని సెంటీమీటర్లు రావాల. నాకు 30 వారాలకు 26 వచ్చింది. స్కానింగు తీసి, బిడ్డ ఎదుగుదల తక్కువని వారం వారం చూసినారు. ముందే తెలిసింది కాబట్టి పెద్దాసుపత్రిలో కాన్పయింది.

బిడ్డ కదలిక తగ్గితే మాత్రం తెల్లారేదాకా ఆగొద్దు, అప్పుడే పోవాల.

ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాసుపత్రిలో గర్భిణులను డాక్టరే ఉచితంగా చూస్తారు. ఆ రోజు మనం గ్రూపు మీటింగు పెట్టుకోవద్దు.