దాదీ అని పిలుద్దాం, పేరు కూడా అడుగుదాం
(కొల్లూరులో జరిగిన యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

చదువు గురించి నాలుగు మాటలు చెప్పమని సంఘం వాళ్లు పిలిచారు. పోటీ పరీక్షల సంగతి మాకన్నా బాగా చెప్పేవాళ్లు ఈ వేదిక మీదే ఉన్నారు. హాస్టల్లో ఆడపిల్లల మధ్య ఉండేవాళ్లం కాబట్టి మేము ఒక ఇంటి సంగతి మాట్లాడతాం. ఇంట్లో ముసలమ్మను పిల్లలు ఏమని పిలవాలి? నవ్వకండి, ఇదీ చదువే.

మీలో చాలామంది నారాయణఖేడ్, జహీరాబాద్ వైపు తండాల నుంచి వచ్చి పటాన్‌చెరు, పాశమైలారం కంపెనీల్లో పని చేస్తున్నారు. పెళ్లయింది, పాప పుట్టింది. భార్యాభర్తలిద్దరూ డ్యూటీకి పోవాలి. పాపను చూసుకోవడానికి తండా నుంచి అమ్మను పిలిపించుకుంటారు. అప్పుడు వస్తుంది ప్రశ్న: పాప నోట ఏ పిలుపు పెట్టాలి? ఫోన్లో చూసి గ్రానీ అంటే బాగుంటుందని ఒకరు, పక్కింటి వాళ్లలా నానమ్మ అందామని ఒకరు. ముద్దుగా పిలవడానికి ఏదైనా మంచిదే, కాదనం. అయితే మనకు ఉన్న మాట ఏమిటో తెలుసుకుని, ఆ తర్వాత ఎంచుకోండి.

మన గోర్ బోలిలో నాన్న తల్లి దాదీ, అమ్మ తల్లి నానీ. ఇవి హిందీ సీరియల్ మాటలని మా హాస్టల్లో కొందరు పిల్లలు అనుకుంటారు. కాదమ్మా, మన బోలి రాజస్థానీకి దగ్గరి చుట్టం. హిందీ వాళ్ల ఇంట్లో ఎలా ఉన్నాయో మన ఇంట్లోనూ ఈ మాటలు అలాగే ఉన్నాయి, ఎవరి దగ్గరా అప్పు తేలేదు. విచిత్రం ఏమిటంటే, టీవీలో దాదీ అంటే ముచ్చటపడే పిల్ల, బడి గేటు దగ్గర గాజులూ ఘాఘ్రాతో వచ్చిన సొంత దాదీని దాదీ అని పిలవడానికి అటూ ఇటూ చూస్తుంది. 2011 జనాభా లెక్కల్లో లంబాడీ మాతృభాష అని రాయించినవాళ్లు 30 లక్షలకు పైనే. ఆ లెక్కను కూడా హిందీ కిందే కలిపి చూపించారు. కాగితం మీద ఎటూ కలిపేశారు, నోటి మీదైనా విడిగా ఉండనిద్దాం.

తెలుగు వాళ్ల పిలుపులూ చక్కనివే. అమ్మమ్మ, నాయనమ్మ అంటే ఎవరి తల్లో వెంటనే తెలిసిపోతుంది. తెలంగాణలో బాపమ్మ అంటారు, రాయలసీమలో జేజి అంటారు. అవ్వ అంటే ఒక ఊళ్లో ముసలమ్మ, ఇంకో ఊళ్లో కన్నతల్లి. కర్ణాటక వైపు అజ్జి, మహారాష్ట్ర వైపు ఆజీ. ఇక్కడ కొల్లూరులోనే 2023 జూన్‌లో 15,660 డబుల్ బెడ్‌రూం ఇళ్ల కాలనీ ప్రారంభమైంది. అన్ని ఇళ్లు ఒకచోట ఉంటే ఒకే వరండాలో ఇన్ని పిలుపులూ వినిపిస్తాయి. మీ పాప కూడా వింటుంది, కలుపుతుంది, తనకు నోరు తిరిగినట్టు ఏదో ఒకటి పుట్టిస్తుంది. దాదీ కాస్తా దాదు అవుతుంది, దద్ది అవుతుంది. అసలు ముద్దుపేరు అదే. పెద్దలం కూర్చుని ఎంచి పెట్టిన పేరు కన్నా పాప చెడగొట్టిన పేరే నిలుస్తుంది. దాన్ని దిద్దకండి. మనం దాదీ అని అందిస్తే చాలు, మిగతాది పాప చూసుకుంటుంది. టీచర్ ట్రైనింగ్‌లో మాకు చెప్పింది కూడా ఇదే: పసివాళ్లకు బా, మా, దా, నా లాంటి శబ్దాలు ముందు పలుకుతాయి. రష్యా పిల్లలు బాబుష్కాను బాబా అంటారు, మన దగ్గర బామ్మ అంటారు.

ఇంకో మాట. ఆమెను కూడా అడగండి. నలభై ఐదేళ్లకే మనవరాలు పుట్టిన తల్లులు మన తండాల్లో ఎంతమంది! అప్పుడే ముసలమ్మ పిలుపు వద్దు, యాడి అనే పిలిపించుకుంటాను అని ఒకామె అంటే తప్పేముంది? యాడి అంటే అమ్మ. సేవాలాల్ మహరాజ్ తల్లిని ధర్మణి యాడి అనే తలచుకుంటాం. పెద్ద ముత్తైదువకైనా దేవతకైనా ఆ పిలుపు సరిపోతుంది.

ఇక మమ్మల్ని అసలు కలవరపెట్టే సంగతికి వస్తాం. జూన్‌లో అడ్మిషన్లప్పుడు ఫారంలో సంరక్షకుల పేరు అని ఒక గడి ఉంటుంది. అమ్మానాన్నలు పనికి వలసపోయిన పిల్లలకు అక్కడ రాయాల్సింది దాదీనో, నానీనో. పేరు చెప్పమ్మా అంటే, దాదీ అంటుంది. దాదీకి పేరేమిటమ్మా అంటే, పిల్ల మా మొహం చూస్తుంది. పదేళ్లు ఆమె చేతి రొట్టె తిన్న పిల్లకు ఆమె పేరు తెలియదు! ఆధార్ కార్డు తీసి చూస్తే అందులో ఇంకేదో అక్షరాలతో ఉంటుంది. పింఛను కోసం, బ్యాంకు కోసం పోయినప్పుడు ఆ తేడా వల్ల ఆ తల్లే తిరగాలి.

మన ముసలమ్మల పేర్లలో చరిత్ర ఉంది. సోమ్లి, మంగ్లి, సుక్రి. పుట్టిన రోజు రాసిన కాగితం లేదు కానీ, పుట్టిన వారం పేరులోనే ఉంది. ఇవి మోటు పేర్లని మొహం ముడిచేవాళ్లకు మేము గాయని మంగ్లిని చూపిస్తాం. ఆమె అసలు పేరు సత్యవతి. వీ6 ఛానల్లో 'మాటకారి మంగ్లి'గా వచ్చి, ఆ తండా పేరుతోనే ఊరూరా తెలిసింది. జగిత్యాల జిల్లాలో లంబాడిపల్లి అనే ఊరుంది. అక్కడి గంగవ్వ 'మై విలేజ్ షో' వీడియోలతో పేరు తెచ్చుకుని, 2020లో బిగ్‌బాస్ దాకా పోయింది. ఆమెను అందరూ గంగవ్వ అంటారు. పిలుపులో అవ్వ ఉంది, ముందు ఆమె పేరూ ఉంది. మనమూ సోమ్లి దాదీ, సుక్రి నానీ అనవచ్చు కదా. పిలుపు ముద్దుగానే ఉంటుంది, పేరు మరుగున పడదు.

ఈ సంచిక కోసం ఒక పని పెడుతున్నాం. ఈ రాత్రి ఇంటికి ఫోన్ చేయండి. మీ దాదీ, మీ నానీ సొంత పేరు, ఆమె పుట్టిన తండా, మీ ఇంట్లో పిల్లలు పిలిచే ముద్దుపేరు, ఈ మూడూ ఆమె నోటితోనే చెప్పించుకుని రాసి సంఘం గ్రూపులో పెట్టండి. ఆమె మాట రికార్డు చేస్తే ఇంకా మంచిది. ఫొటో లేకపోయినా పరవాలేదు. ఆధార్‌లో పేరు వేరేగా ఉంటే ఆ సంగతీ రాయండి, సరిచేయించడానికి మీసేవకు ఎవరు తోడు వెళ్లాలో మనమే చూసుకుందాం.

భోజనాలకు పిలుస్తున్నారు. ముందు పెద్దవాళ్లను కూర్చోబెట్టండి.