పగడము పుట్టిన నీరు
(సంఘ సమావేశమున చేసిన ప్రసంగము)



చెన్నపట్టణము జార్జిటౌనులో కోరల్ మర్చంట్ వీధి యని యొకటి కలదు. పూర్వము మధ్యధరాసముద్రమునుండి ఓడలపై వచ్చిన ఎఱ్ఱపగడముల వర్తకమును ఆ పేరు నేటికిని తలపించుచున్నది. మన స్త్రీల మెడలలో నల్లపూసల సరసన మెఱయు పగడమును మనమందఱము ఎఱుగుదుము. అది పుట్టు చోటును గూర్చి నేడు మనవి చేసెదను.

స్పెయిన్ దేశమున కాటలోనియా తీరమందు, ఎస్తార్తిత్ అను ఊరికి ఎదురుగా, సుమారు ఒక కిలోమీటరు దూరమున మెడెస్ అను ఏడు చిన్న దీవులున్నవి. 1943లో ఫ్రాన్సు దేశీయులగు కూస్తో, గాన్యా అనువారు నీటిలో ఊపిరి తీయు యంత్రమును రూపొందించిన పిమ్మట, మనుష్యుడు గాలిసీసాను వీపున కట్టుకొని పగడపు గుహలలోనికే పోగలిగెను. చూచుటకు పనికివచ్చిన యంత్రమే దోచుటకును పనికివచ్చినది. కనుక 1983లో అక్కడి ప్రభుత్వము ఆ దీవులచుట్టు చేపలు పట్టుటను, పగడము తీయుటను నిషేధించెను. నేడు అనుమతి పొందినవారే, అదియును పరిమిత సంఖ్యలో, అక్కడ మునుగవలెను. పడవలు లంగరు వేయక బోయాలకు కట్టుకొనవలెను.

ఆ నీటి అడుగునను ఋతువులు మారుచుండును. శీతకాలమున నీరు 12, 13 డిగ్రీలకు చల్లబడును. ఉత్తరమునుండి త్రముంతాన యను గాలి వీచు దినములలో పడవలు కదలవు. వసంతమున కంటికి కానరాని జీవులు వృద్ధియై నీరు మసకబారును. చూడబోయినవానికి అది విసుగు; పగడమునకు విందు. వేసవిలో పైనీరు 23, 24 డిగ్రీలకు వేడెక్కును. కొంత లోతునకు దిగగానే చన్నీటి పొర తగిలి ఒడలు ఝల్లుమనును. గ్రూపరు చేపలు జతకూడు కాలమదియే. ఈ చేప ఆడుదిగా పెరిగి, ఏండ్లు గడచి పెద్దదైన పిదపనే మగదగును. పెద్దవానినే వేటాడినచో మగవి మిగులవు. నిషేధము ఫలించి ఇప్పుడవి మనుష్యుని చూచియు బెదరకున్నవి. శరత్తున నీరింకను వెచ్చగానుండగా తూర్పు తుఫానులు వచ్చి, పైనీటిని అడుగునీటిని కలిపివేయును.

పగడము మాత్రము ఏ ఋతువునను త్వరపడదు. అది రాయి కాదు; నీడగల రాతిసందులలో గుంపుగా బ్రదుకు చిన్నజీవుల కట్టడము. ఏటా అరమిల్లీమీటరైనను లావెక్కదు. నలువదియేండ్లు కాచినను కొమ్మ మందము రెండు సెంటీమీటర్లకు చేరదు.

ఇప్పుడొక క్రొత్త ఆపద వచ్చినది. 2003లోను, మరల 2022లోను వేసవి వేడి మితిమీరి, పశ్చిమ మధ్యధరాసముద్రమున పగడములును, వాని జాతి జీవులును పెక్కు నశించినవి. చేతిని ఆపిన శాసనము వేడిని ఆపజాలదు. అందుచేత చేతిని ఆపుట మఱింత అవసరము. రెండు దెబ్బలను ఓర్చు శక్తి ఆ జీవికి లేదు.

తల్లి పగడమును కుమార్తెకిచ్చుట మన యిండ్లలో క్రొత్త కాదు. క్రొత్తది కొనుటకు ముందు పాతపెట్టె నొకసారి తెఱచి చూడుడు.