గుండె బాగైంది, దిగులు మిగిలింది
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను డాక్టరును కాను. గుండెలో రంధ్రంతో పుట్టిన మనిషిని. అదే నా అర్హత.

మా అబ్బా బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ కార్మికులు. 2015లో మూతబడ్డ ఆ ఫ్యాక్టరీ అన్నం తిననివారు ఈ సభలో తక్కువ. చెరకు ఆడే రోజుల్లోనే ఎట్లనో సెలవు సంపాదించి, నన్ను హైదరాబాదు తీసుకుపోయి ఆపరేషన్ చేయించారు. తిరిగొచ్చాక బాగైపోయిందని వాడకంతా మిఠాయి పంచారు. ఆ తరువాత ఇరవై ఏండ్లు మేము డాక్టరు గడప తొక్కలేదు. అదే మేము చేసిన పొరపాటు.

చిన్నప్పుడు "పరుగెత్తకు బేటా, ఆయాసం వస్తది" అనేవారు. జతగాళ్లు గల్ఫుకు పోతుంటే, మెడికల్ పరీక్షలో తప్పుతానేమోనని నేను అప్లికేషనే పెట్టలేదు. సంబంధాలు చూసేటప్పుడు ఛాతీ మీది మచ్చ సంగతి చెప్పొద్దన్నారు. దాచుకున్న మాట లోపల పుండు అయింది. రాత్రులు గుండె దడ, చెమటలు, ఈ రాత్రే పోతానేమోనని భయం. మూడుసార్లు ఆసుపత్రికి ఉరికినం. ఇ.సి.జి. బాగానే ఉందన్నారు. చివరికి ఒక డాక్టరుగారు, "నిద్ర పడుతుందా? దేనికి భయపడుతున్నావు?" అని అడిగారు. అన్నేండ్లలో ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆయనే. నేను ఏడ్చేశాను.

ఇది నా ఒక్కడి గోడు కాదు. 1944లో అమెరికాలోని బాల్టిమోర్‌లో నీలిబిడ్డకు తొలి ఆపరేషన్ జరిగింది. ఇప్పుడు మంచి వైద్యం దొరికే దేశాల్లో ఇట్లాంటి పిల్లలు నూటికి 90 మందికి పైగా పెద్దవాళ్లవుతున్నారు. మన దగ్గర 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీతో ఎందరో పేదపిల్లలకు ఆపరేషన్లు జరిగాయి. వాళ్లిప్పుడు పెళ్లీడుకొచ్చారు. పెద్దవాళ్లయిన ఇట్లాంటి రోగుల్లో మూడోవంతు మంది దాకా ఆందోళనతోనో కుంగుబాటుతోనో బాధపడుతున్నారని 2022లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ చెప్పింది. ఇది పిచ్చి కాదు, ఈమాన్ లోపం అంతకంటే కాదు.

అందుకని నాలుగు సంగతులు మనవి చేస్తున్నాను.

దడ వస్తే "అంతా మనసులోదే" అనుకోవద్దు. భయంతోనూ దడ వస్తుంది, గుండె లయ తప్పినా వస్తుంది. ముందు గుండె పరీక్ష చేయించండి. ఆపరేషన్ అయినా ఏండ్లకొకసారి చూపించుకోవలసిందే, పాత కాగితాలు పారేయకండి.

మనసుకు మందు రాసే డాక్టరుకు గుండె సంగతి చెప్పండి. కొన్ని మందులు గుండె లయ మీద పని చేస్తాయి. సొంతంగా మొదలుపెట్టొద్దు, సొంతంగా ఆపొద్దు.

సంబంధం మాట్లాడేటప్పుడు దాచవద్దు. ఆడపిల్లలైతే కాన్పు గురించి ముందే గుండె డాక్టరును అడగాలి. చాలామందికి ఇబ్బంది ఉండదు, కొందరికి ప్రమాదం.

దిగులు పట్టలేనంతైతే 14416కు ఫోన్ చేయండి. టెలి మానస్ అంటారు. రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడుతారు, పైసా ఖర్చు లేదు.

ఆఖరుమాట తల్లిదండ్రులకు. మీ బిడ్డను "మందు వేసుకున్నవా" అని రోజూ అడుగుతారు. ఒక్కరోజు "మనసెట్లున్నది బేటా" అని కూడా అడగండి. జవాబు చెప్పేదాకా పక్కన కూర్చోండి.

సెలవు. ఖుదా హాఫిజ్.