ఒంటిగంట కచేరీ



స్నాతకోత్సవంలో భోజనాల వేళకి ఉపన్యాసం పడితే వక్త పని అయిపోయినట్టే అంటారు. నాకు మాత్రం ఇవాళ అదే కలిసొచ్చింది. నేను చెప్పబోయేది భోజనాల వేళ జరిగిన కచేరీల గురించే.

1939 సెప్టెంబరులో యుద్ధం మొదలవగానే లండన్‌లో సినిమా హాళ్ళు, నాటకశాలలు, సంగీత సభలు మూయించారు. జనం గుమిగూడిన చోట బాంబు పడితే గతేమిటని ప్రభుత్వం భయం. రాత్రయితే ఊళ్ళో దీపం కనపడకూడదు. ట్రఫాల్గర్ స్క్వేర్ పక్కనున్న నేషనల్ గ్యాలరీలో బొమ్మలన్నీ అప్పటికే వేల్స్ వైపు తరలిపోయాయి. రెండేళ్ళకి వాటిని మానాడ్ కొండలో పలకరాతి గని లోపల దాచారు. అంత పెద్ద భవనంలో గోడలు బోసిగా మిగిలాయి.

అప్పుడు మైరా హెస్ అనే పియానో విద్వాంసురాలు అమెరికా పర్యటన మానుకుని, గ్యాలరీ డైరెక్టర్ కెన్నెత్ క్లార్క్ దగ్గరికి వెళ్ళింది. ఈ ఖాళీ గదుల్లో అప్పుడప్పుడూ మధ్యాహ్నం కచేరీ పెట్టుకోనిస్తారా అని అడిగింది. అప్పుడప్పుడూ ఎందుకు, రోజూ పెట్టండి అన్నాడాయన. నాకు తెలిసిన అధికారుల్లో ఇలాంటి జవాబు ఇచ్చినవాళ్ళు బహు తక్కువ.

అక్టోబరు 10న మొదటి కచేరీ. రెండు వందల మందికి మించి రానివ్వొద్దని ప్రభుత్వ షరతు. వెయ్యి మంది దాకా వచ్చి మెట్ల మీద నిలబడ్డారు. టికెట్టు ఒక షిల్లింగు. ఆ రోజు హెస్ తానే కూర్చుని స్కార్లాటీ, బాఖ్, బీథోవెన్ వాయించింది. ఆ తర్వాత 1946 ఏప్రిల్ దాకా, సోమవారం నుంచి శుక్రవారం వరకు, ఒంటిగంటకి కచేరీ ఆగలేదు. మొత్తం 1,698 కచేరీలు, 8,24,152 మంది శ్రోతలు. బాంబుల రోజుల్లో నేలమాళిగలోకి మారారు. 1940 అక్టోబరులో ఒకసారి పేలని టైంబాంబు గ్యాలరీలోనే దొరికితే దూరంగా ఉన్న గదికి మారి కచేరీ కొనసాగించారు. దాన్ని తియ్యడానికి వచ్చిన సైనికులు భోజనానికి వెళ్ళిన సమయంలో అది పేలింది. కచేరీ ఆగలేదు. ఆ భోజనం వేళ ఎంతమంది ప్రాణాలు కాపాడిందో చూడండి.

ఇందులో సాహసం సంగతి అందరూ చెబుతారు. నాకు ఆశ్చర్యం కలిగించేది వేళ. సాయంత్రం కచేరీకి మనిషి స్నానం చేసి, మంచి బట్టలు కట్టుకుని, వినడానికే సిద్ధపడి వస్తాడు. సగం పని ఆయనే చేసి పెడతాడు. ఒంటిగంట శ్రోత అలా రాడు. పొద్దున టైపు కొట్టిన ఉత్తరాలు తలలో ఉంటాయి, రెండింటికి మళ్ళీ కుర్చీలో ఉండాలి, ఆకలిగా కూడా ఉంటుంది. గ్యాలరీలో స్వచ్ఛందంగా పనిచేసే ఆడవాళ్ళు క్యాంటీన్ నడిపేవాళ్ళు. తేనె, ఎండుద్రాక్ష పెట్టిన శాండ్‌విచ్‌లకి అక్కడ పెద్ద పేరు. తర్వాత హాస్యనటిగా పేరు తెచ్చుకున్న జాయిస్ గ్రెన్‌ఫెల్ కూడా ఆ క్యాంటీన్‌లో పనిచేసింది. అలా పని మధ్యలో వచ్చిన శ్రోత ముందు తీరిగ్గా గొంతు సర్దుకుంటూ, మూడో పాటకి గానీ వేడెక్కను అంటే కుదరదు. మొదటి స్వరానికే కచేరీ నిలబడాలి.

సంగీత శాఖ పిల్లలూ, మీకు రాబోయే కచేరీల్లో ఎక్కువ భాగం ఇలాంటివే. డిసెంబరు మద్రాసు సభలో సాయంత్రం కచేరీ ఎప్పుడొస్తుందో గానీ, ఎవరి పనిదినం మధ్యలోనో అరగంట మాత్రం త్వరలోనే దొరుకుతుంది. దాన్ని చిన్నచూపు చూడొద్దని చెప్పడానికే కాథ్లీన్ ఫెరియర్ సంగతి ఎత్తుతున్నాను.

ఫెరియర్ ఇంగ్లండ్ ఉత్తరాన లాంకషైర్ అమ్మాయి. పద్నాలుగో ఏట బడి మానేసి బ్లాక్‌బర్న్ టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో చేరింది. అసలు ఆమె పియానో మనిషి. ఊళ్ళో పాడేవాళ్ళకి పక్కన వాయించేది. ఫోన్‌లో గడియారం సమయం చెప్పే గొంతు కోసం పోటీ పెడితే అందులో ఎంపిక కాలేదు. 1937లో కార్లైల్ ఉత్సవంలో పియానో పోటీకి పేరు ఇచ్చినప్పుడు, పాటలో కూడా నిలబడగలవా అని భర్త ఒక షిల్లింగు పందెం కాశాడు. రెండింటిలోనూ ఆమే గెలిచింది. ఐదేళ్ళకి, 1942 డిసెంబరులో, లండన్‌కి కాపురం మార్చిన నాలుగు రోజులకే నేషనల్ గ్యాలరీలో మధ్యాహ్నం కచేరీ దొరికింది. అప్పటికి ముప్ఫై ఏళ్ళు. చప్పట్లు బాగానే కొట్టారు. ఆమెకి మాత్రం తన పాట తనకే నచ్చలేదు. పెద్ద ఏజెంటు, ఊరూరా కచేరీలు, అన్నీ ఉన్న మనిషి వెళ్ళి రాయ్ హెండర్సన్ అనే గాయకుడి దగ్గర శిష్యురాలిగా చేరింది. మరుసటి మే నెలలో వెస్ట్‌మినిస్టర్ ఆబీలో హాండెల్ 'మెస్సయ్య'లో పాడింది. 1949లో ఎడిన్‌బరోలో ఆమె పాడుతుంటే ప్రపంచ ప్రసిద్ధ సంచాలకుడు బ్రూనో వాల్టర్ స్వయంగా పియానో దగ్గర కూర్చున్నాడు. 1953లో, నలభై ఒకటో ఏట, క్యాన్సర్‌తో పోయింది.

పియానో దగ్గర కూర్చునేవారి గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. మన దగ్గర గాయకుడు శ్రుతి మార్చుకుంటే వయొలిన్ తీగలు సవరించుకుంటుంది, మృదంగం మరొకటి తెచ్చుకుంటారు. పియానో తీగలు కచేరీ మధ్యలో మారవు. పాడేవాళ్ళకి స్థాయి ఎక్కువైందంటే, అదే పాటని కిందికి దింపి వాయించాలి. అంటే తెల్ల మెట్టు మీద పడాల్సిన వేలు నల్ల మెట్టు మీద పడుతుంది, ఏళ్ళ తరబడి సాధన చేసిన వేళ్ళ దారి మొత్తం మారిపోతుంది. ఆ కష్టం శ్రోతకి తెలియకూడదు.

పక్కన వాయించే ఆ పని ఎంత పెద్దదో ఒక పాటలో చూడండి. షూబర్ట్ అనే స్వరకర్త పదిహేడో ఏట, 1814లో, గెటే 'ఫౌస్ట్' నాటకంలోని గ్రెచెన్ పాటకి బాణీ కట్టాడు. ఆ అమ్మాయి రాట్నం ముందు కూర్చుని తన ప్రియుణ్ణి తలుచుకుంటూ ఉంటుంది. రాట్నాన్ని తిప్పేది పియానో. కుడిచెయ్యి చక్రంలా ఆగకుండా తిరుగుతుంది, ఎడమచెయ్యి కాలితో తొక్కే చెక్కలా దరువు వేస్తుంది. అతని చూపు, నడక, మాట ఒక్కొక్కటే తలుచుకుంటూ ముద్దు దగ్గరికి వచ్చేసరికి రాట్నం ఆగిపోతుంది. పాట కూడా ఆగుతుంది. ఆ తర్వాత మళ్ళీ పాట ఎత్తుకోవాల్సింది గాయని కాదు, పియానో. చక్రం కొంచెం కదిలి ఆగుతుంది, మళ్ళీ కదిలి ఆగుతుంది, అప్పుడు గానీ తిరగడం అందుకోదు. అమ్మాయి మనసు ఎక్కడికి వెళ్ళి ఎలా తిరిగొచ్చిందో అక్కడ ఒక్క మాట లేకుండా తెలుస్తుంది. దీన్ని పక్కవాద్యం అని పక్కన పెట్టగలమా? జెరాల్డ్ మూర్ అనే పియానో విద్వాంసుడు జీవితమంతా ఈ ఒక్క ప్రశ్న మీద నిలబడ్డాడు. హెస్ అడిగితే ఆ మధ్యాహ్నం సభల్లోనే పక్కవాద్యకారుడి పని గురించి ప్రసంగాలు చేశాడు. ఆత్మకథకి 'నా చప్పుడు మరీ ఎక్కువైందా?' అనే అర్థం వచ్చే పేరు పెట్టుకున్నాడు. 1967లో వీడ్కోలు కచేరీలో ముగ్గురు మహా గాయకులకి వాయించి, చివర తను ఒక్కడే కూర్చుని షూబర్ట్ పాటని గొంతు లేకుండా పియానో మీద వాయించాడు.

ఇంకొక మనిషిని తలచుకోవాలి. ఎలెనా గెర్హార్ట్. లైప్జిగ్‌లో పెరిగిన గాయని. నాజీల కాలంలో 1934లో లండన్ చేరింది. ఇంగ్లండ్ జర్మనీతో యుద్ధం చేస్తున్న రోజుల్లో, బాంబులకి బెదిరి బతుకుతున్న ఊళ్ళో, ఆవిడ గ్యాలరీలో నిలబడి జర్మన్ పాటలు జర్మన్‌లోనే పాడింది. యూదురాలైన హెస్ నడిపించిన సభ అది. భోజనాలకి వచ్చిన గుమాస్తాలు విన్నారు. వాళ్ళకి సంగీత శాస్త్రం ఎంత తెలుసో నాకు తెలియదు గానీ, మర్యాద తెలుసు.

కామర్సు, ఇంజినీరింగు, లా పట్టాలు తీసుకున్నవాళ్ళు ఇదంతా మాకెందుకు అనుకుంటూ ఉంటారు. ఆ గుమాస్తాలు మీరే. రేపు భోజన విరామం ఉండేది మీకే. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండింటి వరకు ఈ దేశంలో ఫోనులో చూడనిది లేదు. అదే గంటలో ఎదురుగా ఒక మనిషి ఊపిరి పీల్చుకుని పాట ఎత్తుకుంటే, మీరు టిఫిన్ డబ్బా మూత పెట్టి వినగలరా అన్నది పాడేవాళ్ళ కంటే మీకే పెద్ద పరీక్ష. నేషనల్ గ్యాలరీ ఎదురుగా ఉన్న సెయింట్ మార్టిన్ చర్చిలో ఇప్పటికీ మధ్యాహ్నం కచేరీలు జరుగుతున్నాయి. కొత్తగా చదువు ముగించిన పిల్లలే చాలావరకు పాడతారు, వాయిస్తారు.

కాబట్టి ఉపకులపతి గారికి ఒక విన్నపం. ఈ హాలు ఏడాదిలో ఒక్క స్నాతకోత్సవానికే కళకళలాడుతుంది. వారానికి ఒక రోజు ఒంటిగంటకి తలుపులు తెరవండి. టికెట్టు పది రూపాయలు చాలు. పాడినవాళ్ళకి, పక్కన వాయించినవాళ్ళకి ఒకే మొత్తం ఇవ్వండి. మూలనున్న ఆ పియానో తీగలు సవరించడానికి అయ్యే ఖర్చు నేనిస్తాను. క్యాంటీన్‌లో ఏం పెట్టాలన్నది మాత్రం విద్యార్థి సంఘమే తేల్చుకోవాలి. ఆ గొడవలో నేను తల దూర్చను.