తుంటిలో బాధ, మోకాలి మీద నెపం

(సంఘం వార్షిక సభలో కార్వాన్‌లో చేసిన ఉపన్యాసానికి తెలుగు పాఠం)



ఎముకల డాక్టరును పిలిచారంటే మోకాళ్ల గురించి చెబుతాడని అందరూ అనుకుంటారు. కార్యదర్శి సాహెబ్ గారు కూడా "మోకాళ్ల మీద నాలుగు మాటలు చెప్పండి" అనే అన్నారు. అయితే మోకాలు పట్టుకుని నా దగ్గరికి వచ్చినవాళ్లలో కొందరికి జబ్బు మోకాలిలో ఉండదు. జానెడు పైన, తుంటి కీలులో ఉంటుంది. తుంటి మీద కొడితే మూతిపళ్లు రాలాయని సామెత ఉంది గదా, నవ్వుకోవడానికి పుట్టిన మాట. వైద్యంలో అటువంటిదే ఒకటి నిజంగా జరుగుతుంది. తుంటి కీలుకు పోయే నరాల కొమ్మలే మోకాలికీ పోతాయి. అందుచేత తుంటి చెడినప్పుడు నొప్పి గజ్జల్లోనో, తొడ ముందు భాగంలోనో, ఒక్కొక్కసారి కేవలం మోకాలిలోనో తెలుస్తుంది. రోగి మోకాలికి తైలం రాసుకుంటూ ఏడాది గడుపుతాడు. మోకాలి ఎక్స్‌రే తీస్తే శుభ్రంగా ఉంటుంది. "ఏమీ లేదు పొమ్మన్నారు" అంటాడు.

దీనికి ఎదురు పొరపాటు కూడా ఉంది. పిర్ర మీద చెయ్యి వేసి "కూల్హాలో దర్ద్" అనేవారికి చాలాసార్లు అది నడుము పూసల నుంచి వచ్చిన నరం నొప్పి. మన యూనానీ హకీములు ఈ రెంటినీ వేరుగానే చూశారు. నరం వెంట దిగే నొప్పిని అర్ఖున్నిసా అన్నారు, తుంటి కీలు నొప్పిని వజవుల్ వరిక్ అన్నారు. పేరు వేరు పెట్టారంటే పరీక్ష చేసి చూశారన్నమాట. ఇంట్లో మీరూ చూడవచ్చు. వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు మడిచి, కాలును మెల్లగా లోపలికి తిప్పండి. గజ్జలో కలుక్కుమంటే తుంటిని అనుమానించాలి. కింద పడినవాళ్లకు మాత్రం ఈ పరీక్ష చేయకండి. ఎందుకో ఇప్పుడే చెబుతాను.

మా నానీమా ఈ కార్వాన్‌లోనే వజూ చేసుకునే చోట జారి పడింది. నేనప్పుడు బడిలో చదువుతున్నాను. లేవలేకపోయింది. కుడికాలు పొట్టిగా కనిపించింది, పాదం బయటికి వాలిపోయింది. ఇంటికి పహిల్వాన్‌ను పిలిపించారు. ఆయన మర్యాదస్థుడు, డబ్బు కూడా పుచ్చుకోలేదు. కాలు లాగి, కోడిగుడ్డు సొనతో పట్టీ వేసి వెళ్లాడు. "ఈ వయసులో ఆపరేషన్ ఏమిటి, మంచంలోనే నయమవుతుంది" అని పెద్దలు తీర్మానించారు. నాలుగు నెలలు మంచంలో ఉంది. వీపు మీద పుండ్లు పడ్డాయి, దగ్గు పట్టుకుంది, చలికాలం దాటలేదు. పడటం వల్ల పోయిందని అందరూ అనుకున్నారు. నేను డాక్టరీ చదివిన తరువాత తెలిసింది, మంచం వల్ల పోయిందని.

పహిల్వాన్‌లను చిన్నచూపు చూడటం నా ఉద్దేశం కాదు. బెణుకులకు, చిన్న దెబ్బలకు వాళ్ల చేతి నేర్పు మన ఊరు ఎరిగినదే. చిత్తూరు వైపు పుత్తూరు కట్టుకు కూడా ఎంత పేరుందో మీకు తెలుసు. కాని తొడ ఎముక మెడ అనేది చేతికి అందే చోటు కాదు. తుంటి కీలును చూడండి: కటి ఎముకలో లోతైన గిన్నె, ఆ గిన్నెలో తొడ ఎముక తల గోళీలాగా తిరుగుతుంది. ఆ తలకు కింద సన్నని మెడ. తలకు నెత్తురు తెచ్చే సన్నని నాళాలు ఈ మెడను అంటిపెట్టుకునే పైకి పోతాయి. మెడ విరిగితే నాళాలు తెగవచ్చు. లాగి, పిసికితే ఉన్నవి కూడా పోతాయి. పైన ఎంత పట్టీ వేసినా లోపల ఎముక అతుక్కోదు. అందుకనే పెద్దవయసువారు పడి, లేచి నిలబడలేక, కాలు పొట్టిగా, పాదం బయటికి తిరిగి ఉంటే, లాగవద్దు, మర్దన వద్దు, నడిపించి చూడవద్దు. కాలుకు అటూ ఇటూ దిండ్లు పెట్టి, పలక మీద గాని, స్ట్రెచర్ మీద గాని పడుకోబెట్టి దవాఖానాకు తీసుకుపోవాలి. కొందరిలో ఎముక విరిగినా తల కిందికి దిగి బిగుసుకుంటుంది, కుంటుతూ నడుస్తారు కూడా. నడిచారని ఊరుకోకండి, గజ్జలో నొప్పి ఉంటే ఎక్స్‌రే తీయించండి.

పడుచువాళ్లకైతే స్క్రూలతో సొంత తలనే నిలబెడతారు. ముసలివారికి విరిగిన తల తీసి లోహపు తల పెడతారు. మెడకు కింద విరిగితే లోపల కడ్డీ వేసి బిగిస్తారు. పద్ధతి ఏదైనా ఉద్దేశం ఒక్కటే, మనిషిని మంచం మీంచి లేపడం. సాధ్యమైతే ఒకటి రెండు రోజుల్లోనే ఆపరేషన్ కావాలని ఇప్పుడు అన్నిచోట్లా చెబుతున్నారు. ఇంకా తొందరపడితే ఎలా ఉంటుందని 17 దేశాల్లో 2,970 మంది రోగుల మీద ఒక పెద్ద పరిశోధన చేసి 2020లో ఫలితాలు ప్రకటించారు. ఒక వర్గానికి 6 గంటల ప్రాంతంలో, రెండో వర్గానికి 24 గంటల ప్రాంతంలో ఆపరేషన్ జరిగింది. మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కాని త్వరగా చేసినవారు త్వరగా లేచి నిలబడ్డారు, తికమక మాటలు, మూత్రపు ఇన్‌ఫెక్షన్లు వారిలో తగ్గాయి. ఆరు గంటలు కాకపోయినా ఒక రోజులో కానివ్వండి. మనవాళ్లు చర్చలతోనే వారం గడుపుతారు, దుబాయిలో ఉన్న కొడుకు ఫోను కోసం ఇంకో నాలుగు రోజులు ఆగుతారు.

ఆ చర్చల్లో ఎప్పుడూ వచ్చే మాట "మత్తు ఇస్తే అమ్మీజాన్ లేవదేమో" అని. ఈ భయం సంగతి మన ఊరికి కొత్త కాదు. 1888లో, మళ్లీ 1889లో క్లోరోఫాం వల్ల మనుషులు ఎందుకు పోతున్నారో తేల్చడానికి హైదరాబాదులో రెండు కమిషన్లు కూర్చున్నాయి. ఇక్కడి వైద్య పాఠశాల పెద్ద ఎడ్వర్డ్ లారీ వాటిని నడిపించాడు. రెండోసారి లండన్ నుంచి లాడర్ బ్రంటన్ అనే డాక్టరు వచ్చాడు, ఖర్చు ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం భరించింది. ఊపిరిని కనిపెట్టుకుని ఉంటే చాలు, గుండెకు భయం లేదని వాళ్లు తేల్చారు. అది సగమే నిజమని, క్లోరోఫాం గుండెను కూడా నేరుగా ఆపగలదని 1911 నాటికి ఇంగ్లండులో లీవీ చూపించాడు. మన ఊళ్లో జరిగిన పని తప్పిందని చిన్నబోనక్కరలేదు. ఈనాడు ఆపరేషన్ బల్ల దగ్గర ఊపిరినీ, గుండెనూ, నెత్తురులో ఆక్సిజన్‌నూ కలిపి యంత్రం మీద చూస్తున్నారంటే ఆ వాదాలన్నీ దాటి వచ్చినందువల్లనే. పైగా తుంటికి చాలామందికి నడుములో సూది ఇచ్చి కింది భాగం మాత్రమే తిమ్మిరెక్కిస్తారు. నానీమా ఆపరేషన్ జరుగుతుండగా తస్బీ చదువుకోవచ్చు.

ఇక పడుచువాళ్ల మాట. ముప్ఫై, నలభై ఏళ్ల మనిషి, దెబ్బ తగల్లేదు, గజ్జలో నొప్పి, కొద్దిగా కుంటు, కింద బాసింపట్టు వేసి కూర్చోలేడు. తొడ ఎముక తలకు నెత్తురు అందక లోపల చచ్చిపోతూ ఉండవచ్చు. మద్యం ఒక కారణం. మన ఇళ్లలో అంతకంటె ఎక్కువగా నేను చూసేది స్టెరాయిడ్ మందులు. ఇవి ప్రాణం కాపాడే మందులే, ఉబ్బసానికి, కొన్ని చర్మవ్యాధులకు డాక్టరు ఇస్తే వాడి తీరాలి, చెప్పకుండా మానకూడదు కూడా. కాని బలం రావడానికని, ఒళ్లు రావడానికని దుకాణంలో కొని మింగే మాత్రలు, కీళ్లనొప్పులకు పేరు లేని పొట్లాల్లో వచ్చే పొడులు, వీటిలో ఏముందో ఎవరు చూశారు? కోవిడ్ తరువాత 2021లో ముంబై వైద్యులు ఇటువంటి తుంటి జబ్బు రోగుల గురించి రాశారు, కోవిడ్‌కు వాడిన స్టెరాయిడ్లను అనుమానించారు. మొదట్లో ఎక్స్‌రేలో ఏమీ కనబడదు, ఎం.ఆర్.ఐ.లో కనబడుతుంది. అప్పుడే వస్తే ఎముకలో రంధ్రం చేసి ఒత్తిడి తగ్గించి తలను కాపాడే ప్రయత్నం చేయవచ్చు. తల కూలిపోయిన తరువాత వస్తే కీలు మార్చడమే మిగులుతుంది.

ఆ కీలు మార్పిడి ఎలా వచ్చిందో కొంచెం చెబుతాను, ఇది నాకు ఇష్టమైన కథ. ఇంగ్లండులో జాన్ చార్న్‌లీ అనే శస్త్రవైద్యుడి దగ్గరికి ప్లాస్టిక్ తల వేయించుకున్న ఒక రోగి వచ్చాడు. భోజనాల బల్ల మీద ముందుకు వంగినప్పుడల్లా తుంటి కిర్రుమనేదట, భరించలేక భార్య గదిలోంచి లేచి పోయేదట. అందరూ నవ్వి ఊరుకునే సంగతి. చార్న్‌లీ మాత్రం రాపిడి గురించి ఆలోచనలో పడ్డాడు. గిన్నెకు టెఫ్లాన్ వాడాడు. రోగులు హాయిగా నడిచారు. రెండు మూడేళ్లలో టెఫ్లాన్ అరిగి పొడి అయి లోపల వాపులు వచ్చాయి. ఆయన తన తొడలోనే ఆ పదార్థం వేసుకుని పరీక్షించి చూశాడు. తరువాత ఒక కంపెనీ మనిషి మరో ప్లాస్టిక్ ముక్క తెచ్చాడు. చార్న్‌లీ పనికిరాదన్నాడు. ఆయన ఊళ్లో లేనప్పుడు ప్రయోగశాల పనివాడు హ్యారీ క్రేవెన్ దాన్ని యంత్రానికి ఎక్కించాడు. రోజులు గడిచినా అరగలేదు. అదే పాలిథిలీన్. 1962 నవంబరులో దానితో గిన్నె వేశారు. 2007లో లాన్సెట్ పత్రిక ఈ ఆపరేషన్‌ను శతాబ్దపు ఆపరేషన్ అని పేర్కొన్నది. క్రేవెన్ పేరు తెలిసినవాళ్లు తక్కువ. నేనైతే మా కుర్ర డాక్టర్లకు ముందు అతని పేరే చెబుతాను.

మన ఊళ్లో ఎముకల వైద్యానికి పంజాగుట్టలో ప్రత్యేకంగా ఆసుపత్రి రావడానికి ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ధర్మనిధి కారణం. 1960ల నాటి ఆ ఆసుపత్రే పెరిగి నిమ్స్ అయింది. ఇటు అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా మనకు అందుబాటులో ఉన్నది. ఖర్చు సంగతి ఆరోగ్యశ్రీ ఉన్న ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను ముందే అడగండి, అప్పు చేసిన తరువాత కాదు.

కీలు వేయించుకున్నవారికి ఒక జాగ్రత్త. లోపల పెట్టిన భాగాల స్టిక్కర్లు ఉంటాయి, అవి అతికించిన కాగితాన్ని ఇంటి పట్టాతోపాటు దాచండి. 2010లో డిప్యూ కంపెనీ తన ఏఎస్ఆర్ అనే లోహపు తుంటిని ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. మన దేశంలో అవి వేయించుకున్నవారు దాదాపు 4,700 మంది. కాగితం లేనివాడు తన తుంటిలో ఏముందో ఎలా చెప్పగలడు?

నమాజ్ గురించి పెద్దలు తప్పక అడుగుతారు. ఆపరేషన్ అయిన మొదటి వారాల్లో తుంటిని లంబకోణం దాటి మడవకూడదు, కాళ్లు ఒకదాని మీద ఒకటి వేయకూడదు. కీలు జారుతుంది. అందుచేత కుర్చీ మీద నమాజ్, కమోడ్ మీద కాలకృత్యాలు. రోగికి మన దీన్‌లో ఉన్న వెసులుబాటు ఆలిములు చెబుతారు, నేను చెప్పనక్కరలేదు. తరువాత సజ్దా చేయవచ్చునా, ఖాదాలో కూర్చోవచ్చునా అనేది కీలు రకాన్ని బట్టి, వేసిన దారిని బట్టి మీ సర్జన్ చెప్పాలి. కొందరికి వీలవుతుంది. సిగ్గుపడి అడగకుండా ఇంటికి పోయి ప్రయత్నించేవారే నాకు భయం.

తల్లులకు ఒక మాట. బిడ్డ కాళ్లు చాచి, దగ్గరకు చేర్చి, గట్టిగా గుడ్డలో చుట్టకండి. పుట్టిన బిడ్డ తుంటి మెత్తని గిన్నె, కాళ్లు కప్పకాళ్లలా విడిగా ఉంటేనే అది సరిగా లోతవుతుంది. జపాన్‌లో 1970లలో తల్లులకు ఇదే చెప్పి ఇటువంటి చుట్టడాన్ని మాన్పిస్తే తుంటి జారే పిల్లల సంఖ్య బాగా తగ్గిపోయింది. మన పల్లెల్లో బిడ్డను చంకన ఎత్తుకునే అలవాటు మంచిదే, అమ్మమ్మలు తెలిసి చేశారో తెలియక చేశారో గాని. పసిబిడ్డ ఒక తొడ సరిగా విడిపడకపోయినా, నడక వచ్చాక బాతులాగా ఊగినా చూపించండి. నెలల బిడ్డకు పట్టీలతో పోయే పని, నాలుగేళ్లకు వస్తే పెద్ద ఆపరేషన్ అవుతుంది.

చివరగా చేతికర్ర. ఒంటికాలి మీద నిలబడితే ఆ తుంటి మీద ఒంటి బరువుకు రెండున్నర రెట్లు పడుతుంది. కర్ర ఆ బరువును తగ్గిస్తుంది, కాని నొప్పి ఉన్న వైపు చేతిలో కాదు, అటువైపు చేతిలో పట్టాలి. కుడి తుంటి నొప్పి అయితే కర్ర ఎడమ చేతిలో ఉండాలి. ఈ సభకు వచ్చేటప్పుడు తోలీ మసీదు దగ్గర ముగ్గురు పెద్దలను చూశాను, ఇద్దరు తప్పు చేతిలో పట్టుకున్నారు. వాళ్లు ఈ హాల్లోనే ఉన్నారు.

ఎక్స్‌రేలు తెచ్చుకున్నవారు అస్ర్ తరువాత వెనక గదికి రండి, చూస్తాను.